పడలేదు

లోపల దెబ్బ వినిపించినప్పుడల్లా లాలాబీ ఇంటి ముందు పంచలో దూది మీద కర్ర గట్టిగా వేసేది.

పరుపు గుడ్డ మీద ఏకిన దూది పరిచి సన్నటి పొడుగాటి కర్రతో కొడితే అది సమంగా సర్దుకుంటుంది. దానికి పెద్ద బలం అక్కర్లేదు. కానీ కొడుకు అర్షద్ లోపల పెళ్లాన్ని కొడుతున్నప్పుడు ఆమె చెయ్యి దానంతట అదే తలపైకి లేచేది. కర్ర గాలిని కోస్తూ దిగేది. ఆదోనిలో ఆ సందు ఇరుకు. రెండువైపుల గోడల మధ్య ఒక్క ఆటో పోతుంది. లోపలి చప్పుడు ఎదురింటికి చేరకుండా ఉండాలంటే పంచలో ఇంకో చప్పుడు ఉండాలి.

"ఏం లాలాబీ, పొద్దున్నే దూది మీద అంత కోపమేంటికి?" అని ఎదురింటి రుక్మాబాయి గడప మీద నిలబడి అడిగింది.

"పాత దూది అక్కా. గడ్డలు కట్టింది."

"మొన్న నీ కోడలి కన్ను గూడా గడ్డ కట్టింది."

"పడింది అక్కా, బోరింగు కాడ."

"ఈ సందులో ఆడోళ్లకు కాళ్లు నిలవవు" అని రుక్మాబాయి చేట తీసుకుని లోపలికి పోయింది.

ఇంట్లో అన్నం పళ్లెం గోడకు తగిలి దొర్లింది. "మల్లా మీ అక్కతో ఏం మాట్లాడతాండావే?" అని అర్షద్ అరిచాడు. ఫోను చార్జరు వైరు గాలిలో కొట్టుకున్న శబ్దం. లాలాబీ కర్ర పైకెత్తింది. అప్పుడే కోడలు ఖుష్బూ గొంతు వినబడింది. ఏడుపు లేదు. కొలత చెప్పినట్టు నిదానంగా ఉంది ఆ గొంతు.

"ఈపు మీద కొట్టు. ఈ పక్క కొట్టు. పొట్ట కాడికి రావద్దు."

"యాడ కొట్టాలో నాకు తెల్దా? లోపలుండేది నా బిడ్డ" అన్నాడు అర్షద్.

కర్ర లాలాబీ తలపైన అట్లాగే ఆగిపోయింది. ఆ తర్వాతి దెబ్బ, దాని తర్వాతిది, సందంతా విన్నది. ఎదురింట్లో బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు ఆగింది. గుడ్డలు ఉతుకుతున్న ఒకామె చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. లాలాబీ కర్రను కింద పెట్టి, దూది ధూళి పట్టిన కనురెప్పలను మోచేత్తో తుడుచుకుని లోపలికి పోయింది.

ఖుష్బూ గోడకు ముఖం పెట్టి, రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుని, వీపు మొగుడికిచ్చి నిలబడి ఉంది. జాకెట్టు వెనక చిరిగి ఉంది. అర్షద్ తల్లిని చూసి వైరు మంచం మీద పడేశాడు.

"నువ్వేంటికి వచ్చినావు? పని జూసుకోపో."

"పని అయిపోయింది" అంది లాలాబీ.

అతను ట్రాలీ ఆటో తాళాలు తీసుకుని, ఆమె భుజాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు. సందులో నిలబడ్డవాళ్లను చూసి "ఏముందీడ, సినిమానా?" అన్నాడు. అందరూ లోపలికి పోయారు.

లాలాబీ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కోడలి వీపుకు కాపడం పెట్టింది. వైరు గీతలు కొన్ని ఎర్రగా, కొన్ని పాతబడి నల్లగా ఉన్నాయి. ఎన్నాళ్లవో ఆమెకు తెలుసు. ఏ గీత ఏ పరుపు కొడుతున్న రోజుదో కూడా చెప్పగలదు. మూట తగిలినప్పుడల్లా ఖుష్బూ పళ్లు బిగించేది.

"అత్తా, బిడ్డ కదుల్తాంది" అంది చివరికి. "దానికేం కాలేదు."

ఫోను మోగింది. ఢిల్లీలో నర్సుగా పనిచేసే ఖుష్బూ అక్క ముస్రత్. ఖుష్బూ చెయ్యి చాచేలోపే లాలాబీ ఫోను అందుకుంది. ఎప్పుడూ లేనిది ఫోనులో లాలాబీ గొంతు వినబడగానే ముస్రత్ అడిగింది.

"అత్తా, మళ్లీ కొట్టినాడా?"

లాలాబీ నోట్లోకి అలవాటైన మాట వచ్చింది. బయటికి రానీయలేదు. "నీ చెల్లెల్ని నీ కాడికి తీసుకుపో" అంది.

"నేనూ అదే అంటాండా ఎన్నాళ్లనుంచో. హొళగుందలో మా అన్న అజ్మతుల్లా కాడికి పంపొద్దు. రెండుసార్లు వాడే బండి మీద తెచ్చి మీ ఇంట్లో దించిపోయినాడు."

"రైలెక్కిద్దామంటే స్టేషన్‌లో ఆటోలోళ్లంతా వీని దోస్తులే. రెండు దినాలు పడుతుంది గూడా. దారిలో పట్టుకుంటాడు."

"విమానంలో పంపు. హైదరాబాదులో ఎక్కితే రెండు గంటలు."

లాలాబీ కోడలి పొట్ట వైపు చూసింది. "కడుపుతో ఉన్నదాన్ని గాల్లోకెట్ల ఎక్కిస్తారమ్మా? లోపల బిడ్డకు ఊపిరాడుతుందా?"

"ఆడుతుంది. ఏ తేడా లేకుంటే, డాక్టరు చీటీ రాసిస్తే ఎక్కనిస్తారు. చీటీ కొత్తది ఉండల్ల. ముప్పై ఆరు వారాలు దాటితే మాత్రం ఎక్కనీరు. ఇప్పుడెన్ని వారాలు?"

"వారాలు నాకేం తెలుసు? తొమ్మిదో నెల నడుస్తాంది."

"ఆ మాట కౌంటరు కాడ అనొద్దు అత్తా. తొమ్మిది అంటే వాళ్లు భయపడి ఇంటికి పంపిస్తారు. మనం నడిచే నెల లెక్క చెప్తాం, వాళ్లు నిండిన వారాలు లెక్క పెడతారు. ఇద్దరికీ టికెట్లు తీస్తా. నువ్వు గూడా రా."

"నేనేంటికి?"

"వాడు ఇంటికొచ్చి ఆమె లేదని చూసినాక, ఆ ఇంట్లో మిగిలేది నువ్వే కదా."

ఖుష్బూ లేచింది. ఉప్పు మూట చల్లారితే తీసి మళ్లీ పెనం మీద పెట్టింది.

ఎమ్మిగనూరులో శ్రీనివాసులు అనే బట్టల వ్యాపారి ఇంట్లో పెళ్లి ఉంది. పరుపులు వాళ్లింట్లోనే కుట్టాలి. దూది మూటలతో పాటు తల్లినీ పెళ్లాన్నీ ట్రాలీలో ఎక్కించుకుని అర్షద్ స్వయంగా అక్కడ దించాడు. గుంత వచ్చినప్పుడల్లా లాలాబీ కోడలి నడుం కింద ఇంకో మూట తోసింది. దిగేటప్పుడు అర్షద్ ఖుష్బూ దవడ రెండు వేళ్లతో పట్టుకుని, "ఆడ ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు.

"పడినా."

"ఆఁ" అని, నవ్వి, బండి తిప్పుకుని పోయాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ అత్తాకోడళ్లు దబ్బనాలు గుడ్డలో గుచ్చి లేచారు. బజారు చివర సుధ అనే డాక్టరమ్మ దగ్గరికి నడిచి పోయారు. లాలాబీ జుట్టులో దూది అట్లాగే ఉంది. డాక్టరమ్మ స్కానింగు చేసి, బిడ్డ గుండె శబ్దం వినిపించి, బీపీ చూసింది. బీపీ పట్టీ కట్టేటప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది.

"ఇవేంటివి?"

"పడింది మేడం" అంది లాలాబీ. "బోరింగు కాడ పాచి."

"పడితే ఇంత సన్నగా, వరసగా గీతలు రావు కదా."

ఖుష్బూ పైకప్పు వైపు చూసింది. లాలాబీ తన గోళ్ల మధ్య దూది పోగు తీసుకుంటూ కూర్చుంది. డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, జాకెట్టు చెయ్యి కిందికి జరిపింది.

"బిడ్డ బాగుంది. నీళ్లు బాగున్నాయి. మాయ పైనే ఉంది. రేపు ఎల్లుండిలోగా పోయేట్టయితే పోవచ్చు" అని చీటీ రాసింది. "విను పాపా. నడిచే దారి పక్క సీటు అడుగు. బెల్టు పొట్ట మీద వేసుకోకు, పొట్ట కింద తొడల మీద బిగించుకో. ఒకేచోట కూర్చోకుండా మధ్య మధ్య లేచి నాలుగడుగులు నడువు, కాళ్లల్లో రక్తం గడ్డకట్టకూడదు. నీళ్లు తాగుతానే ఉండు. ముందు రోజు శనగలు, అలసందలు తినొద్దు, పైకి పోయినాక కడుపు ఉబ్బుతుంది. వదులు చెప్పులేసుకో."

"చెవులు నొస్తాయంట కదా మేడం. లోపల బిడ్డకు గూడా నొస్తాయా?" అని లాలాబీ అడిగింది.

"నొయ్యవమ్మా. నీకే నొస్తాయి. నోట్లో ఏదన్నా నములు." డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి ఖుష్బూతో అంది: "రక్తం కనబడినా, కడుపు బిగుసుకుని నొప్పి వచ్చినా, బిడ్డ కదలకపోయినా ఎక్కొద్దు. ఈలోగా నువ్వు మళ్లీ పడినా ఎక్కొద్దు. పడితే ఈ చీటీ చెల్లదు. పెద్దాసుపత్రికి పో. అర్థమైందా?"

"అయింది" అంది ఖుష్బూ.

సాయంత్రం దాకా ఇద్దరూ పరుపు మూతి కుట్టారు. లాలాబీ దబ్బనం దించితే ఖుష్బూ దారం లాగి ముడి వేసింది. మధ్యలో ఒకసారి ఖుష్బూ, "ఒకవేళ ఆపితే అత్తా?" అని అడిగింది. లాలాబీ ముడి ఇంకోసారి బిగించమంది.

రెండు రోజుల తర్వాత పొద్దున మిగిలిన పరుపులకని చెప్పి ఇద్దరూ ఆదోనిలో బస్సెక్కారు. అర్షద్ నిద్రలో ఉన్నాడు. దూది సంచి అడుగున రెండు జతల బట్టలు, ఆధార్ కార్డులు, చీటీ. ఎమ్మిగనూరు బస్టాండులో దిగి హైదరాబాదు బస్సు దగ్గరికి పోయారు. ఇంజను మీద చెయ్యి వేసుకుని కండక్టర్ ఉచ్చీరప్ప టీ తాగుతున్నాడు.

"నిండు మనిషి. ముందు సీటిస్తా గానీ, గుంతల కాడ నన్ను తిట్టొద్దు" అన్నాడు.

"నిన్నేంటికి తిడతామప్పా, రోడ్డేసినోన్ని తిడతాం" అంది లాలాబీ.

ఉచ్చీరప్ప నవ్వు పూర్తి కాకముందే ట్రాలీ ఆటో బస్టాండులోకి దూసుకొచ్చింది. పరుపులోళ్లు ఇంకా రాలేదేమని శ్రీనివాసులు ఫోను చేసి అర్షద్‌ను అప్పటికే నిద్ర లేపాడు. అతను బండి ఆపకుండానే దూకాడు.

"నా బిడ్డను దొంగతనంగా యాడికి తీసుకుపోతాండావే?"

తాళాల గుత్తి పిడికిట్లో ఉండగానే ఖుష్బూ మూతి మీద గుద్దాడు. కింది పెదవి చీలి రక్తం మెడ మీదికి కారింది. ఆమె ఒక చేత్తో బస్సు తలుపు కమ్మీ పట్టుకుంది, ఇంకో చెయ్యి పొట్ట మీదుంది. అతను జడ పట్టుకుని వెనక్కి లాగాడు. మెడ వంగింది, ముఖం ఆకాశం వైపు తిరిగింది. కమ్మీ మాత్రం వదల్లేదు. చుట్టూ మనుషులు చేరారు. "మొగుడూ పెళ్లాల తగువు, మనకేంటికప్పా" అన్నాడు ఒకడు. ఇంకొకడు ఫోను పైకెత్తి తీస్తున్నాడు.

లాలాబీ కొడుక్కీ కోడలి పొట్టకూ మధ్య దూరింది. "వదులు రా. పడిపోతుంది, వదులు."

"నువ్వే కదా నేర్పించినావు" అని అర్షద్ మోచేత్తో తల్లి రొమ్ము మీద పొడిచాడు. ఆమెకు ఊపిరి ఆగింది. రెండోసారి దవడ మీద పొడిచాడు. ఆమె నోట్లో ఒక పన్ను కదిలింది. అయినా అక్కడే నిలబడింది. అతను జడను చేతికి చుట్టుకున్నాడు. ఖుష్బూ వేళ్లు కమ్మీ మీద ఒక్కొక్కటే జారుతున్నాయి.

లాలాబీ చేతికి సంచి మూతికి గుచ్చిన దబ్బనం తగిలింది. లాగి, జడ పట్టుకున్న ఆ చేతిలోకి దించింది. నాలుగు పొరల గుడ్డలోకి దిగినట్టే దిగింది. ఎముక తగిలేదాకా నెట్టింది. బొటనవేలితో మొదలు నొక్కి ఇంకా నెట్టింది.

అర్షద్ అరిచి వేళ్లు విప్పాడు. అప్పటికి ఉచ్చీరప్ప టీ గ్లాసు పారేసి, ఖుష్బూ రెండు భుజాలూ పట్టి బస్సులోకి ఎత్తుకున్నాడు. లాలాబీని రెక్క పట్టి లాగాడు. "పోనీ, పోనీ" అని డ్రైవరుకు చెప్పి తలుపు వేశాడు. బస్సు కదులుతుండగా వెనక కిటికీ అద్దం పగిలి ఒక రాయి లోపలికి వచ్చి పడింది. చేతిలో దబ్బనం వేలాడుతుండగానే అర్షద్ బస్సు వెంట పరిగెత్తాడు.

"మీ అక్క కాడికే కదా. ఢిల్లీ అయినా వస్తా. ఆడికొచ్చి ముగ్గుర్నీ చంపుతా."

ఊరు దాటాక ఉచ్చీరప్ప నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "ఎవడమ్మా వాడు?"

"ఎవడో తాగినోడప్పా" అంది లాలాబీ.

ఖుష్బూ పెదవికి కొంగు అదుముకుని అత్త వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పుకుని, బిడ్డ కదులుతుందో లేదోనని పొట్ట మీద అరచెయ్యి పరిచి కళ్లు మూసుకుంది.

విమానాశ్రయంలో నేల ఎంత నున్నగా ఉందో చూసి లాలాబీ చెప్పులు చేతిలోకి తీసుకుంది. కౌంటరులో అపూర్వ అనే అమ్మాయి చీటీ చదివింది, వారాలు చూసింది. దాంట్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తల ఎత్తి ఖుష్బూ పెదవి చూసింది. పెదవి ఉబ్బి, రక్తం ఎండి నల్లబడింది.

"ఏమైందండీ?"

"పడింది తల్లీ. బస్సు మెట్ల కాడ" అంది లాలాబీ. నోరు తెరిచేసరికి ఆ మాట సిద్ధంగా ఉంది.

"ఈరోజేనా?"

"ఇంతకుముందే."

అపూర్వ టికెట్లు పక్కన పెట్టి ఫోను ఎత్తింది. చక్రాల కుర్చీ వచ్చింది. ఇద్దరినీ లోపల డాక్టరు గదికి తీసుకుపోయారు. ధ్రువ అనే ఆ డాక్టరు చిన్నవాడు. ఖుష్బూను పడుకోబెట్టి, పెదవి శుభ్రం చేసి, చీటీ చదివి మడిచాడు.

"సారీ అమ్మా. ఇన్ని వారాల కడుపుతో ఈరోజు పడిపోయారంటే నేను ఎక్కనివ్వలేను. పైకి ఏమీ కనబడకపోయినా లోపల మాయ విడిపోవచ్చు. పైన ఆకాశంలో ఏమైనా అయితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆసుపత్రిలో ఉంచి చూడాలి. ఇంటివాళ్లకి ఫోను చేద్దాం. భర్త నంబరు చెప్పండి."

ఖుష్బూ మంచం మీద లేచి కూర్చుంది. "అత్తా" అంది. అంతే అంది.

లాలాబీ గోడకు ఆనుకుని నిలబడింది. రొమ్ములో నొప్పి పైకి ఎగబాకుతోంది. కదిలిన పన్నును నాలుకతో ఒకసారి తోసి చూసింది.

"పడలేదు సారూ."

"ఏమిటమ్మా?"

"ఆ పిల్ల పడలేదు. అంత లాగినా పడలేదు. కమ్మీ పట్టుకుని నిలబడింది. కొట్టినారు. మూతి మీద గుద్దినారు, జడ పట్టి లాగినారు. పొట్టకు ఒక్క దెబ్బ తగల్లేదు, నేను అడ్డం ఉండా. కావాలంటే చూడు." ఆమె కొంగు తీసి జాకెట్టు పైఅంచు కిందికి లాగింది. అక్కడ అరచెయ్యంత నల్లగా కమిలి ఉంది. "పొట్ట మీద పడాల్సింది ఈడ పడింది."

డాక్టరు కుర్చీలో నుంచి లేచాడు. "ఎవరు కొట్టారు?"

"నా కొడుకు. ఈ పిల్ల మొగుడు. ఈరోజే కాదు, ఈపు చూడు. మొన్న డాక్టరమ్మకు గూడా పడిందని అబద్ధం చెప్పింది నేనే."

డాక్టరు నర్సును పిలిచి తెర లాగించాడు. ఖుష్బూను ఒక్కొక్కటే అడిగాడు: నొప్పి ఉందా, రక్తం కనబడిందా, బిడ్డ కదులుతోందా, కడుపు బిగుస్తోందా, పొట్టకు ఏదైనా తగిలిందా. పొట్ట నాలుగువైపులా తడిమి చూశాడు. చిన్న యంత్రం పెట్టి వింటూ చాలాసేపు కూర్చున్నాడు. గుర్రం పరిగెత్తినట్టు ఆ శబ్దం గదంతా నిండింది. ఎమ్మిగనూరు డాక్టరమ్మకు ఫోను చేసి మాట్లాడాడు. తెర తీసి బయటికి వచ్చి, "ఇప్పటికి ఏ ఇబ్బందీ లేదు. పోవచ్చు. దిగగానే అక్కడ ఆసుపత్రిలో చూపించుకోవాలి" అన్నాడు.

ఖుష్బూ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"కానీ ఇది పోలీసులకు చెప్పాల్సిన సంగతి" అన్నాడు డాక్టరు. "స్టేట్‌మెంటు ఇవ్వడానికి ఉంటే ఈ విమానం దొరకదు."

"ఢిల్లీకొచ్చి చంపుతానన్నాడు సార్" అంది ఖుష్బూ మెల్లగా. "వస్తాడు. చెప్పింది చేస్తాడు."

లాలాబీ తన టికెట్టు బల్ల మీద పెట్టింది. "ఆ పిల్లను పోనీండి. నేనుంటా. నేను చూసినా కదా అన్నీ, నేను చెప్తా."

"నువ్వు రావా?" అని ఖుష్బూ మంచం దిగింది. "అత్తా, వాడు నిన్ను బతకనీడు."

"బెల్టు యాడ కట్టుకోవల్ల?"

"పొట్ట కింద."

"పో మరి. ముస్రత్ చూస్తుంటాది."

ఖుష్బూ కదల్లేదు. అత్త చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. లోపలి నుంచి మడమో మోచెయ్యో ఆ అరచేతిని ఒక్కసారి తన్నింది. చక్రాల కుర్చీ కదిలాక లాలాబీ ఆ చేతిని కాసేపు కిందికి దించలేదు.

పోలీసు గదిలో మహిళా కానిస్టేబుల్ పేరు, ఊరు అడిగి కలం ఆపింది. "కన్నకొడుకు మీద నువ్వే ఇస్తున్నావా? రేపు వెనక్కి తీసుకుంటే మాకు ఇబ్బంది."

"తీసుకోను. రాయి. వాని పేరు అర్షద్. తండ్రి పేరు కరీం సాబ్, ఇప్పుడు లేడు. ఆదోని." ఆమె ఒక్కొక్క దెబ్బా చెప్పింది. కన్ను వాచిన రోజు, వైరు రోజు, ఆ రోజుల్లో తాను పంచలో ఏం చేస్తూ ఉందో కూడా. "నేను గూడా పొడిచినా, దబ్బనంతో. అది గూడా రాయి."

బల్ల మీద ఫోను మోగింది. అర్షద్. కానిస్టేబుల్ ఎత్తమని సైగ చేసి స్పీకరు పెట్టింది.

"యాడుండావు మా?" గొంతు దిగి ఉంది. "చెయ్యి పూరా వాచిపోయింది. కుట్లేసినారు. నేనేదో కోపంలో అన్నా. దాన్ని తీసుకుని ఇంటికి రా. ఏమీ అనను. ఎవరికీ ఏమీ చెప్పొద్దు."

కిటికీ అవతల ఒక విమానం నేల వదిలింది. అది కోడలిదో కాదో లాలాబీకి తెలియదు. అది కనబడినంతసేపూ ఫోను పట్టుకుని చూసింది.

"మా, ఉండావా? మాట్లాడు."

"ఉండా. పోలీసోళ్లకు చెప్పేసినా రా, అంతా" అంది. "ఇల్లు తాళం పెట్టి పోవద్దు. నేను వస్తాండా."